జేలీ ఇక్కడే ఉండబోతోంది

జేలీ నోటికి వీధి వీధంతా జడిసేది. ఇది నింద కాదు, గౌరవమే. ఉత్తర ఫ్రాన్సులో, లాన్స్ ఊరి పక్కనున్న ఆ బొగ్గుగని కాలనీలో ఇళ్లన్నీ ఒకే గోడ పంచుకున్న ఎర్ర ఇటుక ఇళ్లు. ఒక ఇంట్లో చెంచా కింద పడితే పక్కింట్లో తల తిప్పి చూస్తారు. అలాంటి చోట నోరున్న మనిషికి ఉండే విలువే వేరు. గని కంపెనీవాళ్లు కారుతున్న కప్పు బాగుచేయించకపోతే జేలీని పంపేవాళ్లు. రొట్టెలవాడు నిన్నటి రొట్టె అంటగడితే జేలీని పంపేవాళ్లు. ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, గొంతు పెంచకుండానే పని కానిచ్చుకుని వచ్చేది.

ఆ నోటితోనే పావురాల సంఘంలోకి అడుగుపెట్టింది. అక్కడి గనివాళ్లకు పావురాల పందెం అంటే ప్రాణం. శనివారం సాయంత్రం కాఫీ హోటల్లో పావురాల బుట్టలు అప్పగిస్తారు. లారీ వాటిని దక్షిణాన ఎక్కడికో తీసుకుపోయి ఆదివారం పొద్దున వదులుతుంది. ఎవరి పావురం ముందు ఇల్లు చేరితే వాళ్లది గెలుపు. జేలీ మొగుడు ఆల్సీద్ మంచి పావురాలను పెంచాడు. బొగ్గు దుమ్ము ఊపిరితిత్తుల్లో గట్టిపడి, గూటి నిచ్చెన ఎక్కలేకపోయిన ఏడాది, బుట్ట జేలీ పట్టుకెళ్లింది.

"ఆడవాళ్ల పేరు మీద పావురాన్ని దించడం మన సంఘంలో లేదు జేలీ," అన్నాడు ఒమేర్. అప్పట్లో సంఘానికి కార్యదర్శి అతనే. "ఆడ చెయ్యి పావురానికి పడదు."

"నా పావురాలు బడికి పోలేదు ఒమేర్. ఆ సంగతి వాటికి తెలీదు. బుట్ట తీసుకో."

తీసుకున్నాడు. మర్నాడు ఆమె నీలిరంగు పెట్ట అందరికన్నా ముందొచ్చింది. ఒక్కడూ అభినందించలేదు. జేలీయే హోటలుకెళ్లి, అందరికీ తలో గ్లాసు పోయించి, ఒక్కొక్కడి మొహంలోకి చూస్తూ తాగింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. పావురం వచ్చి ఇంటి కప్పు మీద వాలినంత మాత్రాన పందెం అయిపోదు. అది గూటి కిటికీలోంచి లోపలికి దిగాలి. దాని కాలి రబ్బరు ఉంగరం తీసి గడియారపు పెట్టెలో వేయాలి. అప్పుడే లెక్క. అందుకని కప్పు మీద పావురం ఉన్నంతసేపూ ఆ వీధిలో ఎవరూ కదలరు. పక్కింటివాళ్లు దండెం మీద బట్టలు ఆరేయరు, తలుపు వేయరు, గుక్క పట్టిన పసివాణ్ణి కూడా ఎలాగో ఊరుకోబెడతారు. జేలీ కొడుకు రెజీస్ చిన్నప్పుడు ఒకసారి సరిగ్గా ఆ సమయానికి తుమ్మాడు. పావురం లేచిపోయింది, పందెం పోయింది. ఆల్సీద్ వారం రోజులు కొడుకుతో మాట్లాడలేదు. రెజీస్ పెద్దవాడై, లీల్ నగరంలో బీమా కంపెనీలో ఉద్యోగం తెచ్చుకుని, పావురం అన్న మాటే మరిచిపోయాడు. మరిచిపోయాననే అనుకున్నాడు.

ఆల్సీద్ పోయాక కూడా జేలీ ఆ గూడు నడిపింది. ఒక వసంతకాలపు ఉదయం నిచ్చెన కింద, గూడు గీకే పార చేతిలో ఉండగానే కూలబడిపోయింది. పక్కింటివాళ్లు చూసి అంబులెన్సు పిలిచారు. పక్షవాతం కుడి చేతిని, కుడి కాలిని సగం సగం తీసుకుని, మాటను మొత్తంగా పట్టుకుపోయింది.

మొత్తం అంటే, ఒక్కటి మిగిల్చింది. "సా వా." ఫ్రెంచివాళ్లు పొద్దున లేస్తే ఒకరినొకరు అడిగే మాట అది, జవాబు కూడా అదే. ఎలా ఉన్నావంటే, బాగానే పోతోంది అన్నట్టు. తలలో మిగతా మాటలన్నీ కాలిపోయినా, వేలసార్లు పలికిన ఆ అరిగిపోయిన మాట నాలుక మీద అలాగే ఉండిపోయింది. ఆసుపత్రిలో నొప్పి ఉందా మేడమ్ అంటే, సా వా. మీ పేరేమిటి అంటే, సా వా. అవతలివాళ్లు చెప్పేది ఆమెకు పూర్తిగా అర్థమవుతోంది. తను చెప్పదలుచుకున్నదీ లోపల పూర్తిగా ఉంది. పైకి మాత్రం అదే వస్తోంది. బాగానే ఉంది, బాగానే ఉంది అని చెబుతూ, మంచినీళ్ల జగ్గు ఎత్తి గోడకేసి కొట్టింది.

మాట నేర్పడానికి మగాలీ అనే చిన్నమ్మాయి వచ్చేది. దక్షిణాదిపిల్ల, ప్రతి మాట చివరా ఒక రాగం తీస్తుంది. మామూలుగా అయితే ఆ రాగం మీద జేలీ ఒక పూటంతా హాస్యమాడి ఉండేది. ఇప్పుడు మూతి తిప్పి ఊరుకుంది. మగాలీ బొమ్మల కార్డులు పెట్టి, ఇది కప్పు, ఇది ఆపిల్ అని చెప్పించబోయింది. జేలీ కార్డులు మంచం కిందికి తోసేసింది.

"తిట్టండి మేడమ్, తిట్టండి," అంది మగాలీ వంగి ఏరుకుంటూ. "మీ కళ్లలో తిట్లు కనబడుతూనే ఉన్నాయి."

"సా వా," అంది జేలీ, పళ్లు కొరుకుతూ.

అప్పుడు ఆ పిల్లకు తట్టింది. కార్డులు సంచీలో పడేసి కుర్చీ దగ్గరికి లాక్కుంది. "ఆ ఒక్కటీ మీ దగ్గరుంది కదా. దాంతోనే మొదలెడదాం. 'వా' అంటే పోవడమే. 'వా'ని కాస్త సాగదీసి 'వే' అనండి. నేను పోతున్నా అన్నట్టు."

ఫ్రెంచిలో రాబోయేది చెప్పడానికి రెండు దారులున్నాయి. ఒకటి క్రియ తోకను మార్చేది. మనిషికో తోక, క్రియకో వంకర. పక్షవాతం తిన్న తలకు అది పెద్ద కొండ. రెండోది సామాన్యుల దారి. పోతున్నా అనే మాట ముందు పెట్టి, చేయదలుచుకున్న పనిని దాని వెనక పచ్చిగా పడేయడమే. పనికి తోక లేదు, వంకర లేదు, ఎవరు చేసినా దాని రూపం అదే. మారేదల్లా ముందున్న పోవడం ఒక్కటే: నేనైతే 'వే', నువ్వయినా అతనయినా 'వా', వాళ్లయితే 'వోఁ'. వద్దనాలంటే దాని పక్కన 'పా' అని తగిలిస్తే సరి. మనమూ చేసేది ఇదే, కాకపోతే పోవడాన్ని వెనక పెడతాం. తాగబోతున్నా అన్నప్పుడు తాగడం ముందు, పోవడం దాని వెనకాల.

మగాలీ కాఫీ కప్పు తెచ్చి జేలీ ముందు పెట్టింది. "జ్ వే బ్వార్. పోతున్నా, తాగ. అనండి."

జేలీ చెమటలు పట్టేదాకా ప్రయత్నించింది. పెదవి ఒక పక్కకు జారింది. "జ్... వే..." అంది. ఆగింది. కప్పు వైపు కోపంగా చూసింది. "బ్వార్."

తాగబోతున్నా. ఇన్ని వారాల తర్వాత ఒక వాక్యం. మగాలీ కళ్లు చెమర్చాయి. జేలీ ఎడం చేత్తో కప్పు అందుకుని ఒక గుక్క తాగింది. ఆసుపత్రి కాఫీ, నీళ్లు. కప్పు కింద పెట్టి, ఎవరూ నేర్పకుండానే రెండో వాక్యం చెప్పింది.

"తాగబోవట్లేదు."

అక్కణ్నుంచి ఆమెను ఆపడం ఎవరి తరమూ కాలేదు. మగాలీ పనులను ఒక్కొక్కటే చేసి చూపించేది, జేలీ ముందు పోవడం తగిలించేది. నడవబోతున్నా. కూర్చోబోతున్నా. కుట్టబోవట్లేదు. మగాలీ సూదీ దారం ఇచ్చినప్పుడు అన్నమాట అది. మిగతా కాలాలు మాత్రం రాలేదు. నిన్న అన్నది ఆమె నాలుక నుంచి పూర్తిగా పోయింది. మొగుడి ఫోటో చూపించి ఎవరని అడిగితే, "ఆల్సీద్," అని, కాసేపు వెతుక్కుని, "చనిపోబోతున్నాడు," అంది. నర్సు సరిదిద్దబోతే మగాలీ వద్దని సైగ చేసింది. ఆల్సీద్ సంగతి జేలీకి తెలియక కాదు. ఆమె దగ్గరున్న గిన్నె అదొక్కటే, ఏం వడ్డించినా అందులోనే వడ్డించాలి.

ఆ గిన్నె ఎలాంటిదో కూడా తెలుసుకోవాలి. ఫ్రెంచివాళ్లు ఈ దారి వాడేది అప్పటికే గడప దాటిన పనికి. ఆకాశం నల్లబడితే వాన పడబోతోంది. గోడ మీద పిల్లాడు ఊగుతుంటే తల్లి వేసే కేక, పడబోతున్నావ్. కొడుకు మొండికేస్తే, నువ్విప్పుడు వెళ్లి బొగ్గు తేబోతున్నావ్ అంటుంది. అది జోస్యం కాదు, ఆజ్ఞ. ఇక మాటలు ఇవ్వడానికీ, వాయిదాలు వేయడానికీ తోకల దారి ఎటూ ఉండనే ఉంది. రెజీస్ ఆ తోకల దారిలో ఆరితేరినవాడు.

ఆదివారం ఆదివారం వచ్చి మంచం అంచున కూర్చునేవాడు. చెడ్డవాడు కాదు, భయపడ్డవాడు. అమ్మ ఒంటరిగా పడిపోతే ఫోన్లో సాయం కూడా అడగలేని మనిషి, ఆ ఊహ అతన్ని నిద్రపోనివ్వడం లేదు. లీల్‌లో వృద్ధాశ్రమం చూశాడు.

"గదికి పెద్ద కిటికీ ఉందమ్మా. చెట్లు కనిపిస్తాయి. బాగుంటావు అక్కడ. నేను వారానికి రెండుసార్లు వస్తాను."

"ఉండబోతున్నా," అంది జేలీ. "ఇంట్లో."

"చూద్దాంలే అమ్మా."

చూద్దాం. పెద్దవాళ్ల నోరు మూయించడానికి ఇంతకన్నా మర్యాదైన మాట ఏ భాషలోనూ లేదు. కాదంటే పోట్లాడవచ్చు, అవునంటే సంతోషించవచ్చు. చూద్దాం అన్నవాడితో ఏం చేస్తాం? జేలీకి ఒళ్లు మండిపోయింది.

"ఇంకోటి," అన్నాడు రెజీస్, నేల చూస్తూ. "పావురాల్ని ఒమేర్‌కి ఇచ్చేశాను. గూటి కిటికీకి చెక్కలు కొట్టేశాను. గురువారం జిల్లా నుంచి ఒక అధికారిణి ఇంటికి వస్తుంది. నువ్వు ఒంటరిగా ఉండగలవో లేదో చూస్తుంది. ఉండలేవని ఆవిడ అంటే, ఇక మనం చేసేదేముంది చెప్పు."

అతను వెళ్లాక జేలీ గోడవైపు తిరిగి ఏడ్చింది. పావురాలు పోయినందుకు ఒక్కటే కాదు. కొట్టిన చెక్కలు తన కొడుకు చేతివి.

రెండు రోజులకు ఒమేర్ వచ్చాడు, టోపీ చేతుల్లో నలుపుకుంటూ. అతని కోటుకి పావురాల గూటి వాసన ఉంది. జేలీ ఆ వాసన ఛాతీ నిండా పీల్చింది.

"మీవాడు అడిగితే కాదనలేకపోయాను జేలీ. తలుపేసి ఒక పక్కన పెట్టాను. గింజలకి లోటు లేదు."

"తెరవబోతున్నావ్."

"తెరిస్తే ఎక్కడికి పోతాయో నీకు తెలీదా? పెద్ద పావురం, పుట్టిన గూడు తప్ప ఇంకోటి ఎరగదు. ఎన్నేళ్లు ఉంచుకున్నా అంతే."

"పోబోతున్నాయి," అంది జేలీ తృప్తిగా.

"పోయి ఏం చేస్తాయి? అక్కడ చెక్కలు కొట్టేసున్నాయిగా."

"పీకబోతున్నావ్."

"అది మాత్రం నావల్ల కాదు. తల్లీకొడుకుల మధ్య నన్ను ఇరికించకు."

జేలీ అతని టోపీ లాక్కుని ఒళ్లో పెట్టుకుంది. వారాల పేర్లు ఆమెకు విడివిడిగా రావు, పిల్లల్లా మొదట్నుంచీ వల్లించుకుంటూ పోతేనే వస్తాయి. "సోమ, మంగళ, బుధ, గురు," అని అక్కడ ఆగి, వేలితో అతని ఛాతీ మీద పొడిచింది. "తెరవబోతున్నావ్."

"అప్పుడూ ఇంతే, బుట్ట తీసుకో అన్నావ్," అని గొణిగాడు ఒమేర్. టోపీ ఇస్తేగానీ పోలేనని అర్థమై, సరేనన్నట్టు తలూపాడు.

గురువారం రెజీస్ ఆమెను కారులో ఇంటికి తీసుకొచ్చాడు. పెరట్లో మూడు కుర్చీలు వేసి, కాఫీ పెట్టాడు. అధికారిణి మంచావిడే, మాట నెమ్మది, తొందర లేని మనిషి. జేలీ గూటి వైపు చూసింది. కిటికీకి అడ్డంగా రెండు తెల్ల చెక్కలు. వాటిని ఎక్కువసేపు చూడలేకపోయింది.

"ఇంట్లో పడిపోతే ఏం చేస్తారు మేడమ్?"

"కొట్టబోతున్నా," అంది జేలీ. ఏం కొడుతుందో ఆవిడకు అర్థం కాలేదు. జేలీ లేచి, కుంటుతూ వంటింట్లోకి వెళ్లి, చేతికర్రతో పక్కింటి గోడ మీద గట్టిగా కొట్టింది. వెంటనే అవతలి నుంచి తిరుగు దెబ్బలు వినిపించాయి. ఆ వరుస ఇళ్లలో ఫోను రాకముందు నుంచీ నడుస్తున్న ఏర్పాటు అది.

అధికారిణి నవ్వింది. "మంట అంటుకుంటే?"

"అరవబోతున్నా."

"ఏమని అరుస్తావమ్మా?" అన్నాడు రెజీస్. "మాటలు రావాలి కదా." అధికారిణి వైపు తిరిగాడు. "నిన్న ఏం తిన్నదో అడగండి మేడమ్, మీకే తెలుస్తుంది."

ఆవిడ అడిగింది. జేలీ వెతుక్కుంది. మాంసం వేపుడు కళ్లముందు కనబడుతోంది, దాని వాసన కూడా గుర్తుంది. పెదవులు కదిలాయి. నిన్నకి మాట లేదు. "తినబోతున్నా," అంది చివరికి, తనకే అసహ్యం వేసిన గొంతుతో.

అధికారిణి నుదురు ముడుచుకుంది. జేలీ ఆ ముడుత చూసింది. ఇంత దూరం లాక్కొచ్చిన బతుకు, ఈ నుదుటి ముడుతతో సరి అనిపించింది. కర్రను గట్టిగా పట్టుకుంది.

"చూశారా," అన్నాడు రెజీస్ జాలిగా. "అక్కడైతే ఇరవై నాలుగు గంటలూ మనిషి ఉంటుంది. గది బాగుంటుంది. నెమ్మదిగా అలవాటు పడుతుంది, మేము కూడా వారం వారం..."

అతని మాట మధ్యలో ఆగిపోయింది. పెరటి మీదుగా నీడలు తిరిగాయి. రెక్కల చప్పుడు. ఇంటి కప్పు మీద ఒక పావురం వాలింది, దాని పక్కన ఇంకొకటి, తర్వాత మిగతావన్నీ.

"ఏమంటున్నారు?" అంది అధికారిణి.

రెజీస్ గబుక్కున వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు. రెండో చేతిలో కాఫీ కప్పు గాల్లో ఎలా ఉందో అలాగే ఉండిపోయింది. బీమా కంపెనీ పెద్దమనిషి, కోటూ టైతో, ఊపిరి బిగబట్టి, ఇంటి కప్పు వైపు చూస్తూ శిలలా నిలబడ్డాడు. పక్కింట్లో ఎవరో రేడియో ఆపేశారు. వాళ్లను హెచ్చరించింది ఎవరూ లేరు. అధికారిణి కూడా ఎందుకో తెలియకుండానే కలం దించేసింది.

పావురాలు కిటికీ దగ్గరికి దిగాయి. చెక్కలు చూశాయి. అటూ ఇటూ నడిచి, మళ్లీ కప్పెక్కి కూర్చున్నాయి. మళ్లీ దిగాయి. అది చూస్తూనే రెజీస్ చేతిలోని కాఫీని చప్పుడు కాకుండా నేల మీద పెట్టాడు.

జేలీ కొడుకు వైపు తిరిగింది. గుసగుసగా, ఒక్కటే మాట.

"పీకబోతున్నావ్."

అతను బూట్లు విప్పేశాడు. మేజోళ్లతో మునివేళ్ల మీద షెడ్డులోకి వెళ్లి, నాన్న సుత్తి ఎక్కడుండేదో అక్కణ్నుంచే తీసుకుని, నిచ్చెన ఎక్కాడు. మేకు కిర్రుమంది. పావురాలు లేచి ఒక చుట్టు తిరిగి వాలాయి. అతను అవి కుదురుకునే దాకా ఆగి, మళ్లీ నెమ్మదిగా లాగాడు. నిచ్చెన ఊగింది.

"పడబోతున్నావ్," అంది జేలీ, నిచ్చెనకు భుజం ఆనించి.

"లేదమ్మా," అన్నాడు రెజీస్ పైనుంచి. ఆ గొంతు నలభై దాటినవాడిది కాదు.

రెండో చెక్క ఊడింది. జేలీ ఎడం చేత్తో గింజల డబ్బా అందుకుని ఆడించింది. పావురాలు ఒకదాని వెనక ఒకటి కిటికీలోంచి లోపలికి దిగాయి.

"ఇప్పుడు మాట్లాడొచ్చా?" అంది అధికారిణి గుసగుసగా.

"ఆగండి మేడమ్, ఇంకొకటి ఉంది," అన్నాడు రెజీస్, కళ్లు తుడుచుకుంటూ. ఆ చివరిది, తెల్ల రెక్కల పోతు, వంకర చూపు చూసి చూసి దిగింది.

అధికారిణి కుర్చీలో సర్దుకుంది. ఈసారి రెజీస్ వైపు చూడనే లేదు. "మేడమ్, ఒక్కటే అడుగుతాను. ఇక్కడ ఒంటరిగా ఏం చేయబోతున్నారు?"

జేలీ కూర్చోలేదు. కర్ర మీద బరువు మోపి నిలబడింది. రెండో చెయ్యి నడుం మీదికి రాదు, అయినా ఎలాగో ఈడ్చి అక్కడ పెట్టుకుంది.

"గూడు గీకబోతున్నా. గింజలు వేయబోతున్నా. కాఫీ తాగబోతున్నా, మంచిది. వీణ్ణి తిట్టబోతున్నా." రెజీస్‌ని చూపించింది. ఊపిరి తీసుకుంది. "తర్వాత చావబోతున్నా. ఇక్కడ. ఇవాళ కాదు."

అధికారిణి కలం సంచీలో పెట్టుకుంది. "పొద్దున పూట సాయానికి ఒక మనిషిని పంపిస్తాను," అంది రెజీస్‌తో. "మీ అమ్మగారు ఉండగలరు."

సాయంత్రం రెజీస్ కారు తాళాలు తీసి గుమ్మంలో తచ్చాడాడు. "వచ్చే ఆదివారం పందెం ఉందట, ఒమేర్ చెప్పాడు. వీలు చూసుకుని వస్తాలే. చూద్దాం."

"రాబోతున్నావ్," అంది జేలీ, తలుపు వేసేసింది.

వచ్చాడు. భార్యనూ పిల్లలనూ వెంటబెట్టుకుని మరీ వచ్చాడు. పెరట్లో కుర్చీ వేసుకుని, మెడ నొప్పి పుట్టేదాకా ఆకాశం చూస్తూ, నోరు మూసుకుని కూర్చున్నాడు.